ఒక్క ‘ఒరేయ్’ కోసం

రైలు దిగగానే అరుస్తుందనుకున్నాను.

ఆ అరుపుకు ముందే సిద్ధపడి ఉన్నాను కూడా. ప్లాట్‌ఫాం బెంచీ మీద పేపరు చదువుకుంటున్న పెద్దమనిషి ఉలిక్కిపడితే సారీ చెప్పాలని కాస్త దగ్గర్లోనే నిలబడ్డాను. ఎందుకంటే వచ్చేది మామూలు మనిషి కాదు. ఇండియాలో మా ఎదురు ఫ్లాట్ అమ్మాయి, పశువుల డాక్టరు, గొంతు విన్నవాళ్ళందరూ ‘కంచు’ అని పిలిచే మనిషి. చిన్నప్పుడు తను బాల్కనీలోంచి “ఒరేయ్ తాబేలూ” అని పిలిచిందంటే, కింద ఇస్త్రీ చేసుకునే ఆయన కూడా పెట్టె పక్కన పెట్టి తలెత్తేవాడు. తాబేలు నేను. స్కూలు బస్సు రోజూ నా కోసం ఆగాల్సి వచ్చేది, అందుకని ఆ పేరు.

పక్క నగరంలో ఏదో ట్రైనింగుకు వచ్చింది కంచు. తిరుగు విమానం నేను చదువుకుంటున్న ఊరి నుంచి పెట్టుకుంది. శని, ఆదివారాలు నాకు దక్కాయి.

జనం దిగారు. జనం తగ్గారు. ఎవరో వచ్చి నా పక్కన నెమ్మదిగా నిలబడ్డారు.

“ఎలా ఉన్నావు?” అంది కంచు.

అంతే. ఒరేయ్ లేదు, తాబేలు లేదు, వీపు మీద గుద్దు లేదు. నేను బెల్లం కొట్టిన రాయిలా నిలబడిపోయాను.

“గొంతు బాగోలేదా?” అన్నాను.

“బానే ఉంది. ఏం?”

“ఏం లేదు. పెట్టె ఇలా ఇవ్వు.”

“థాంక్స్” అంది.

పుట్టి బుద్ధెరిగాక కంచు నాకు థాంక్స్ చెప్పడం అదే మొదలు. నా అనుమానం అక్కడే గట్టిపడింది. అనుమానానికి విత్తనం వేసింది మాత్రం మా అమ్మ. అంతకు కొద్దిరోజుల ముందే ఫోన్లో, “కంచు పెళ్ళికి ఒప్పుకుందట్రా. అబ్బాయి మనకి తెలిసినవాడేనట. ఎవరంటే వాళ్ళమ్మ నవ్వి ఊరుకుంటోంది” అని చెప్పింది.

మనకు తెలిసినవాడంటే ఇంకెవరు? తన మేనత్త కొడుకు, బ్యాంకు ఆఫీసరు. నేను మనసులో ‘బ్యాంకు బావ’ అని పిలుచుకునేవాణ్ణి. ఎప్పుడొచ్చినా షర్టు టక్ చేసుకుని, లిఫ్టులో కనబడితే “ఏం చదువుతున్నావు తమ్ముడూ?” అని అడిగేవాడు. కిందటిసారి చెప్పింది ఒక్కసారీ గుర్తుండేది కాదు.

పెళ్ళి కుదిరిన పిల్ల పరాయి మగాణ్ణి ఒరేయ్ అని పిలుస్తుందా? పిలవదు. అంటే నేనిప్పుడు పరాయివాణ్ణి. లెక్క సరిపోయింది, గుండె మాత్రం సరిపెట్టుకోలేదు.

కంచంటే నాకు ప్రేమ. ఈ సంగతి నాకు తెలిసింది ఇక్కడికొచ్చాకే. అక్కడున్నన్నాళ్ళూ ఎదురిల్లేగా, ఎక్కడికి పోతుందిలే అన్న ధీమా. వాన నీళ్ళు ఊళ్ళోంచి ఎటు పోతాయో, ఎటు పోవాలో తేల్చడం నా చదువు. ఇక్కడ మొదటిసారి పెద్ద వాన పడిన రోజు, మురుగు కాలవలన్నీ తిరిగి తడిసి వచ్చి, ఆ వాన గురించి ఎవరికి చెప్పుకుందామా అని చూస్తే తను తప్ప ఇంకో మనిషి మనసులోకి రాలేదు. అప్పుడు తెలిసింది. తెలిసి లాభమేమిటి? అప్పటికే మధ్యలో సముద్రాలున్నాయి.

ఆదివారం సాయంత్రం తను విమానం ఎక్కేలోగా ఆ మాట చెప్పాలి. చెప్పకపోతే తను బ్యాంకు బావకు భార్య అవుతుంది. చెబితే, కుదిరిన పెళ్ళికి అడ్డుపుల్ల వేసినవాణ్ణవుతాను. ఈ రెంటిలో ఏది తక్కువ పాపమో తేల్చుకోలేక, పెట్టె లాక్కుంటూ ఇంటిదారి పట్టాను.

మా ఇంటావిడ, అంటే నాకు పై గది అద్దెకిచ్చినావిడ, రిటైరైన టీచరు. కింది వాటాలో తనూ, తన ముసలి కుక్కా ఉంటారు. కంచుకు ఆ రాత్రికి తన గదిలోనే పక్క వేస్తానని ముందే మాట ఇచ్చింది. మేం వెళ్ళేసరికి కుక్క ముందు కాలు ఎత్తిపట్టుకుని మూలన పడుకుని ఉంది. ఎవరు దగ్గరకెళ్ళినా గుర్రుమంటోంది.

కంచు చెప్పులైనా సరిగా విడవకుండా దాని ముందు గొంతుక్కూర్చుంది.

“ఒరేయ్, ఏమైందిరా? ఏదీ, కాలు ఇలా ఇవ్వరా నాన్నా. నేనేం చేస్తాన్రా నిన్ను?”

తెలుగు ముక్క రాని ఆ కుక్క బుద్ధిగా కాలు చాపింది. గోళ్ళ సందులో గాజుపెంకు. కంచు దాన్ని లాగేసి, కడిగి, కట్టు కట్టింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఆ కుక్క వయసుకు గౌరవం ఇచ్చి చెబుతున్నాను గానీ, నాకు దాని మీద కుళ్ళు పుట్టింది. ఒరేయ్‌లూ, రాలూ అన్నీ దానికే.

ఇంటావిడ మురిసిపోయి, నా వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగింది. “మీ ఆవిడా?”

“కాదు కాదు. ఫ్రెండ్. జస్ట్ ఫ్రెండ్” అన్నాను, అవసరమైన దానికంటే గట్టిగా.

కట్టు ముడి వేస్తున్న కంచు చెయ్యి ఆగింది.

“జస్ట్ కూడానా?” అంది, తల ఎత్తకుండా.

బయల్దేరుతుంటే ఇంటావిడ ఆకాశం కేసి చూసి, బాతు తల పిడి ఉన్న పెద్ద గొడుగు తెచ్చిచ్చింది. చనిపోయిన వాళ్ళాయనదట. “పోగొట్టావంటే మాత్రం ఇంట్లోకి రానివ్వను” అని నాకు వేలు చూపించి మరీ చెప్పింది.

వీధిలోకి వచ్చాక నా ప్లాను విప్పాను. “ముందు పెద్ద టవరు. తర్వాత మ్యూజియం. సాయంత్రం బోటు.”

“అవేవీ వద్దు. నీ వెనకాల ఉండేవి చూపించు” అంది కంచు.

వెనక్కి తిరిగి చూశాను. చెత్తడబ్బా ఉంది.

“ఇప్పుడు కాదబ్బా. ఫోన్లో మాట్లాడేటప్పుడు నీ వెనకాల కనిపిస్తాయే, అవి. ఎర్ర తలుపు. బట్టలుతికే మెషీన్ల షాపు. ఇంకా ఆ గడియారం.”

“టవరెక్కితే ఊరంతా కనిపిస్తుంది.”

“ఊరంతా నాకెందుకు? నువ్వుండే ముక్క చాలు.”

ఆ మాటకు ఇంకొకడైతే ఎగిరి గంతేసేవాడు. నేను మాత్రం, పెళ్ళికి ముందు అన్నీ ఆఖరిసారి చూసుకుని పోదామని కాబోలు అనుకున్నాను. తాబేలుకు డిప్ప మందం అని ఊరికే అనలేదు.

ఎర్ర తలుపు ఒక మూతపడ్డ తాళాల షాపుది. దాని మెట్టు మీద కూర్చునే నేను ఎక్కువగా తనకు ఫోన్ చేసేది.

“ఇక్కడే ఎందుకు?” అంది.

“పక్కనున్న కాఫీ షాపు వైఫై ఈ మెట్టు దాకా వస్తుంది.”

“ఛీ. నీకిష్టమైన చోటేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ.”

“ఇష్టమైన చోటే” అన్నాను.

తను మెట్టు మీద కూర్చుంది. నేను ఫోన్ పట్టుకునేంత దూరంలో చెయ్యి చాపి, ఆ ఖాళీ అరచేతిలోకి చూసింది. “అంటే ఇదిగో, ఇంత దూరంలో ఉంటానన్నమాట నీకు నేను” అంది. సన్నగా తుంపర మొదలైంది. గొడుగు విప్పి తన మీద పట్టాను. నా ఎడమ భుజం తడుస్తుంటే తను గొడుగును నా వైపు నెట్టింది. నేను తన వైపు నెట్టాను. చివరికి ఇద్దరమూ తడిశాం.

మెషీన్ల షాపులో, తిరుగుతున్న మెషీను వెచ్చటి అద్దం తలుపు మీద చేతులు ఆనించి నిలబడింది. మార్కెట్ మూల మీదున్న గడియారం దగ్గర మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుంది.

“ఇదేనా? దీన్ని చూసేగా రోజూ ‘అమ్మో టైమైంది, ఉంటా’ అని ఫోన్ పెట్టేసేవాడివి?”

“ఇదే.”

“దీనికి నిమిషాల ముల్లే లేదు.”

దొరికిపోయాను. ఇంకాసేపు మాట్లాడితే మనసులో మాట నోటిదాకా వచ్చేస్తుందన్న భయంతో నేను కట్టిపెట్టేసేవాణ్ణి. గడియారం ఒక వంక.

“విను, నిన్నే అడుగుతున్నాను. దేనికి టైమైంది?”

“నాకో పేరుంది తెలుసా? ‘విను’ కాదు, ‘ఇదిగో’ కాదు. పొద్దుట్నుంచీ పోస్టాఫీసు కౌంటర్లో మనిషిని పిలిచినట్టు పిలుస్తున్నావు.”

తను నేలచూపులు చూసింది. కంచు నేలచూపులు చూడటం కూడా నాకు కొత్తే.

“ఏమని పిలవాలో తేలట్లేదు. ఇదివరకటిలా ఇంక కుదరదట. అమ్మ తిట్టింది.”

అనుకున్నంతా అయింది. ఇక దాచి లాభం లేదనిపించింది.

“మా అమ్మ చెప్పింది” అన్నాను. “పెళ్ళికి ఒప్పుకున్నావటగా. తెలిసినవాడేనటగా.”

తను చటుక్కున తల ఎత్తి నా మొహంలోకి చూసింది. “తెలిసినవాడే” అంది.

“మంచివాడేనా?”

“మంచివాడే. కాస్త మందం.”

బ్యాంకు బావ మందమని నాకూ ఎప్పట్నుంచో అనుమానం. అయినా ఆ పూట ఆ సంతోషం నాకు అక్కరకు రాలేదు.

“మరి నీకిష్టమేనా?”

“చిన్నప్పట్నుంచీ” అంది. చెంపలు ఎర్రబడ్డాయి. “నీకు? సంతోషమేనా?”

“చాలా” అన్నాను.

“మొహం చూస్తే అలా లేదే.”

“వాన పెద్దదయ్యేట్టుంది. పద.”

ఇంటిదారి పట్టాం. నది ఒడ్డున వరద నీళ్ళు వెనక్కి తన్నకుండా కట్టిన తూము చూపించి, దాని తలుపు ఎటు నుంచి తెరుచుకుంటుందో చెప్పబోయాను. “ఇవతలి నుంచి నీళ్ళు బలంగా నెడితే గానీ తెరుచుకోదు” అన్నాను. కంచు దాన్ని చాలా కోపంగా చూసి, “ఎంత బలంగా నెట్టాలట?” అంది. తూము మీద అంత కోపం ఎందుకో నాకు అంతుపట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నానికి వాన హోరుగా పట్టింది. కుక్క కంచు కొంగు, అదే, దుపట్టా వదల్లేదు. ఇంటావిడ కౌగిలించుకుంది. గొడుగు మళ్ళీ నా చేతికిచ్చి మళ్ళీ వేలు చూపించింది.

మెట్రో స్టేషన్లో తడిసిన జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు. పెట్టె లాక్కుంటూ నేను ముందు నడిచాను. టికెట్టు గేటు దాటి, మెట్ల వైపు సాగిపోయాను. వెనక్కి చూడలేదు. చూస్తే కళ్ళలో నీళ్ళు తను పసిగడుతుంది.

అప్పుడు వినిపించింది, వెనక ఎక్కడ్నుంచో, సన్నగా.

“ఏవండీ.”

ఆహా, ఈ ఊళ్ళో తెలుగు గొంతు, అనుకున్నాను. ఎవరో కొత్త పెళ్ళికూతురై ఉంటుంది, అంత సిగ్గుపడుతూ పిలుస్తోంది. ఎవడో అదృష్టవంతుడు.

“ఏవండీ” అని మళ్ళీ. ఇందాకటి కంటే కాస్త గట్టిగా. రైలు వస్తోందని మైకు ఏదో అరుస్తోంది.

నాకు ఆ మొగుడి మీద ఒళ్ళు మండింది. భార్య అంత ప్రేమగా పిలుస్తుంటే పలకడేం ఈ పెద్దమనిషి? కొందరికి విలువ తెలియదు. ఇంకొన్నాళ్ళకు కంచు కూడా బ్యాంకు బావను ఇలాగే పిలుస్తుంది కాబోలు. ఆ ఊహకు ఇంక ఆపుకోలేక మొహం తుడుచుకుని, అడుగు ముందుకు వేశాను.

“ఏవండీ, మిమ్మల్నే.”

పాపం పిచ్చితల్లి, అనుకున్నాను.

“ఒరేయ్ తాబేలూ!”

స్టేషన్ మొత్తం ఆగిపోయింది. పిల్లాణ్ణి ఎత్తుకున్న ఒకాయన పిల్లాడి చెవులు మూశాడు. నేను గిర్రున తిరిగాను. నా జన్మలో అంత తీపి మాట విని ఎరగను.

కంచు టికెట్టు గేటుకు అవతలే ఉంది. తన టికెట్టు పని చేయక గేటు తెరుచుకోలేదు. పరుగున వెనక్కి వెళ్ళాను.

“చెవుడొచ్చిందా నీకు? ఎన్నిసార్లు పిలవాలి?” అంది రొప్పుతూ.

“ఒక్కసారేగా పిలిచావు?”

“నాలుగోసారి ఇది.”

“ఒరేయ్ ఒక్కసారే వినపడింది.”

“ముందు పిలిచింది ఒరేయ్ అని కాదు.”

“మరేమని?”

కంచు గేటు కమ్మీ మీద గోటితో గీస్తూ నిలబడింది. “నువ్వు వినలేదా?”

“నేను విన్నది ఎవరో భార్య వాళ్ళాయన్ని...”

నోరు అక్కడే ఆగిపోయింది.

“ఎవరో ఎవరు? ఈ స్టేషన్లో తెలుగువాళ్ళం ఎంతమంది ఉన్నాం?” అంది. కళ్ళ నిండా నీళ్ళు, మూతి నిండా కోపం. “ఎంత ధైర్యం చేసి పిలిచానో తెలుసా? అద్దం ముందు ప్రాక్టీసు చేశాను. పిలిస్తే నువ్వు పలకలేదు.”

“మరి బ్యాంకు బావ?”

“బావా? బావ మధ్యలోకి ఎక్కడ్నుంచి వచ్చాడు?”

“తెలిసినవాడన్నావుగా.”

“తెలిసినవాడన్నాను, చిన్నప్పట్నుంచీ ఇష్టమన్నాను, మందమని కూడా అన్నాను. అరటిపండు ఒలిచి చేతిలో పెడితే తొక్క కోసం వెతికావు. పైగా సంతోషమేనా అంటే, దినానికి వచ్చినవాడిలా మొహం పెట్టి ‘చాలా’ అన్నావు. నీకిష్టం లేదేమోనని రాత్రంతా నిద్ర లేదు నాకు.”

“ఆ మందమన్నది నా గురించా?”

“ఇంకా అనుమానమా?”

వెనక జనం గొణుగుతున్నారు. గార్డు వచ్చి పక్క గేటు తెరిచాడు. తను ఇవతలికి వచ్చి నా ముందు నిలబడింది. ఒక చేతిలో పెట్టె, ఒక చేతిలో బాతు తల గొడుగు పట్టుకుని నేను చెప్పేశాను. ఇంతకంటే అందంగా చెబుదామని ఎన్నాళ్ళో అనుకున్నవాణ్ణి.

“నువ్వంటే నాకు ప్రాణం. నువ్వు లేకుండా ఈ ఊరు నాకు నచ్చలేదు. ఫోన్ పెట్టేసింది టైమై కాదు, చెప్పేస్తానని భయమేసి.”

“ఆ గడియారం చూసినప్పుడే అనుమానమొచ్చింది” అంది, ముక్కు ఎగబీల్చుకుంటూ. “అందుకే ఇవాళ ధైర్యం చేశాను. చేసుకుంటే వాణ్ణే చేసుకుంటానని అమ్మతో చెప్పాను. ముందు వాణ్ణి అడిగిరా, అడిగేటప్పుడైనా ఒరేయ్ అనకు, కట్టుకోబోయేవాడికి మర్యాద ఇవ్వమంది.”

“నేను చచ్చిపోయేవాణ్ణి ఆ మర్యాదకి.”

తను తడి కళ్ళతోనే నవ్వింది. ఆ నవ్వు మాత్రం పాత కంచుదే. మూడు రైళ్ళు వదిలేశామేమో, లెక్క చూడలేదు.

ఎయిర్‌పోర్టు రైల్లో కూర్చున్నాక వాళ్ళమ్మకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

“ఏమన్నాడే?” అంది ఆవిడ, హలో కూడా లేకుండా.

“ఆంటీ, నేనే” అన్నాను.

“ఇంకా ఆంటీ ఏమిటి బాబూ?” అంది ఆవిడ. “అత్తయ్యా అను.”

“అత్తయ్యా, ఒక్క కోరిక. తనని ఒరేయ్ మాననివ్వొద్దు.”

“ఇంట్లో అయితే మీ ఇష్టం. నలుగురిలో మాత్రం ఏవండీ అనాల్సిందే. ఉండు, మీ అమ్మ ఇక్కడే ఉంది, ఇప్పుడే చెబుతున్నా.”

అటు నుంచి గిన్నె ఏదో కింద పడ్డ చప్పుడు, వెంటనే మా అమ్మ గొంతు. “చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఎదురింట్లోనే ఉంచుకుని ఎన్ని సంబంధాలు వెతుకుతున్నానురా నీకు?”

అన్నీ కుదిరాక మిగిలింది వీడ్కోలు ఒక్కటే. నా చదువు ఇంకో ఏడాది ఉంది. తన ఆసుపత్రి, తన ఆవులు, గేదెలు అక్కడున్నాయి. విమానాల బోర్డు మీద ఒక్కో వరుసా పైకి జరుగుతుంటే కంచు నా చొక్కా గుండీ పట్టుకుని వదల్లేదు. దొరికిన పూటే పంపించాల్సి రావడం ఏం న్యాయమో నాకైతే అర్థం కాలేదు.

“ఎర్ర తలుపు దగ్గర కూర్చునే ఫోన్ చెయ్యి” అంది. “నాకు ఆ మెట్టు తెలుసిప్పుడు.”

“ఇప్పట్నుంచి టైమైందని పెట్టెయ్యను.”

“పెట్టేస్తే వచ్చి తంతాను.”

చేతుల్లో ఉన్నవన్నీ తనకిచ్చేశాను. తను లోపలికి వెళ్ళే క్యూలో కలిసింది. నేను వెనక్కి తిరిగి నడిచాను. బయట ఇంకా వాన పడుతోంది. అద్దాల తలుపు దాకా వెళ్ళేసరికి ఒళ్ళంతా ఖాళీ అయిపోయినట్టుంది.

“ఏవండీ!”

సిగ్గు లేదు, వణుకు లేదు. కంచుగంట మోగినట్టు హాలు మారుమోగింది. నా పక్కన ట్రాలీ తోసుకుంటూ వెళ్తున్న ఒక నడివయసు తెలుగాయన, అలవాటు కొద్దీ ఉలిక్కిపడి తిరిగాడు.

ఈసారి ఆయన కంటే నేనే ముందు తిరిగాను.

జనం తలల మీదుగా బాతు తల గొడుగు ఊపుతోంది కంచు.

“ఏవండీ, గొడుగు మర్చిపోతున్నావురా!”

నేను పరుగెత్తాను.